మెయిల్ హెడర్‌లోంచి పంపినవారి టైమ్ జోన్ తీసి జవాబు టెంప్లేట్‌లో పెట్టడం ఎలా?

ప్రశ్న: కాకినాడ కబురు (2025 మార్చి 5)

నమస్కారం అండీ. పిల్లలు దూరాన ఉండి, ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లను చూసుకునే ఒక చిన్న సంస్థలో కోఆర్డినేటర్‌ని నేను. ఊరు కాకినాడ. చదివింది నర్సింగ్. ఇప్పుడు 70 ఇళ్లు మా చేతిలో ఉన్నాయి. బీపీ, షుగర్ చూడటం, వారానికి సరిపడా మందులు డబ్బాల్లో సర్దడం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం మావాళ్ల పని. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ఉన్న పిల్లలు రాసే మెయిళ్లకు జవాబు ఇవ్వడం నా పని. రోజుకి ముప్పై నలభై వస్తాయి. అన్నీ నేనే చదువుతాను, పంపే ముందు అన్నీ నేనే సరిచూస్తాను. మొదటి నాలుగు లైన్లు మాత్రం గూగుల్ షీట్‌లో ఉన్న టెంప్లేట్‌ని బట్టి యాప్స్ స్క్రిప్ట్ (షీట్, జీమెయిల్‌లతో మనం చెప్పిన పని చేయించే గూగుల్ సాధనం) డ్రాఫ్ట్ తయారుచేసి పెడుతుంది. ఆ స్క్రిప్ట్ నేనే రాసుకున్నాను, అక్కడో ముక్క ఇక్కడో ముక్క నేర్చుకుని.

టెంప్లేట్ మొదటి లైను ఇలా ఉండేది: "మీరు ఫలానా రోజు ఫలానా టైముకి పంపిన మెయిల్ అందింది." ఆ టైము మన టైము. డాలస్‌లో ఉన్న ఒకబ్బాయి మంగళవారం రాత్రి 9:14కి రాస్తే నా జవాబులో "మీరు బుధవారం ఉదయం 8:44కి పంపిన మెయిల్" అని వెళ్లింది. "నేను బుధవారం ఏమీ పంపలేదే, అమ్మ ఏమైనా రాసిందా?" అని తిరిగి అడిగాడు. అమ్మ గురించి ఏదో దాస్తున్నామనుకున్నాడు పాపం. దాంతో, వాళ్ల మెయిల్‌కి వాళ్ల టైమే వేయాలని చాలా రోజులుగా పట్టుదలగా ఉంది.

కానీ ఒకసారి ప్రయత్నించి దెబ్బతిన్నాను. అది చెప్పకపోతే నా ప్రశ్న అర్థం కాదు.

జనవరిలో, స్క్రిప్ట్‌తో మెయిల్ అసలు రూపం మొత్తం తీసి, ప్లస్ లేదా మైనస్ తర్వాత నాలుగంకెలు మొదట ఎక్కడ కనబడితే దాన్ని పంపినవారి టైమ్ జోన్‌గా పట్టుకోమన్నాను. రెండు మెయిళ్లతో సరిచూశాను, సరిగ్గానే వచ్చింది: -0800. ఆ ఇద్దరూ శాన్ హోసేలో ఉంటారు. ఇంకేం, బాగానే ఉందనుకుని షీట్‌లో "వారి సమయం" అని ఒక కాలమ్ పెట్టేశాను.

ఆ నెలలోనే ఒక కొత్త కుటుంబం చేరింది. నాన్నగారు ఒక్కరే ఉంటారు. అమ్మాయి మెయిల్ రాసి, వాట్సాప్ నంబరు ఇచ్చింది. ఒక సోమవారం ఉదయం 8:30కి మా స్టాఫ్ అమ్మాయి షీట్ చూసింది. "వారి సమయం: ఆదివారం రాత్రి 7:00" అని ఉంది. ఫోన్ చేయడానికి మంచి టైమే కదా అని చేసింది. విషయం కూడా చిన్నదే. మందుల షాపులో ఎప్పుడూ ఇచ్చే కంపెనీ బీపీ మాత్ర లేదు, అదే మందు వేరే కంపెనీది ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా అని.

ఆ అమ్మాయి ఉండేది లండన్‌లో. అక్కడ తెల్లవారుజాము 3 గంటలు. ఫోన్ ఎత్తి హలో కూడా అనలేదు. "నాన్న ఉన్నారా?" అని అడిగింది.

నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ ఆన్‌లో ఉంది. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. అదే రోజు ఆ కాలమ్ తీసేశాను.

ఇప్పుడు సరిగ్గా నేర్చుకుని చేయాలని ఉంది. నా ప్రశ్నలు ఇవి. హెడర్‌లో, అంటే మెయిల్ అసలు రూపంలో పైన ఉండే వివరాల లైన్లలో, బోలెడు టైములు ఉంటాయి, వాటిలో పంపినవారిది ఏది? యాప్స్ స్క్రిప్ట్‌లో మెయిల్ తేదీ ఇచ్చే గెట్‌డేట్ అనే ఆదేశం వాడితే అన్నీ మన టైములోనే వస్తున్నాయి, వాళ్లది ఎలా తీయాలి? తీశాక, దాన్నిబట్టి వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో చెప్పవచ్చా?

జవాబు: సర్వర్ గది (మార్చి 5)

అమ్మా, ముందు జరిగిందేమిటో చెబుతాను. నువ్వు పట్టుకున్న ఆ -0800 పంపినవాళ్లది కాదు, గూగుల్ సర్వర్లది. జీమెయిల్‌కి వచ్చిన ప్రతి మెయిల్ మీదా గూగుల్ తన ముద్ర కాలిఫోర్నియా టైములో వేస్తుంది. చలికాలం -0800, ఎండాకాలం -0700. పంపినవాళ్లు లండన్‌లో ఉన్నా అమలాపురంలో ఉన్నా అంతే. నువ్వు సరిచూసుకున్న ఇద్దరూ శాన్ హోసేవాళ్లు కావడంతో తప్పు బయటపడలేదు.

పాత రోజుల ఉత్తరం గుర్తు తెచ్చుకో. కవరు మీద దారిలో తగిలిన ప్రతి పోస్టాఫీసూ ఒక ముద్ర కొట్టేది. మెయిల్‌లో ఆ ముద్రలే "రిసీవ్డ్" అనే లైన్లు. ఒక్కో సర్వరూ తన లైను పైన అతికిస్తూ పోతుంది కాబట్టి అన్నిటికంటే పైనున్నది అన్నిటికంటే చివర పడిన ముద్ర, అంటే మన సర్వరుది. కవరు విప్పితే లోపల కాగితం మీద కుడివైపు పైన రాసినవాళ్లే స్వయంగా ఊరిపేరు, తేదీ వేసేవాళ్లం కదా. మెయిల్‌లో ఆ పని చేసేది "డేట్" అనే లైను. అది పంపినవాళ్ల కంప్యూటరో ఫోనో రాసింది. నీకు కావలసింది అదొక్కటే. కాకపోతే ఇక్కడ ఊరిపేరు ఉండదు, గ్రీనిచ్ టైముతో (లోకమంతా లెక్కకు ఆధారంగా తీసుకునే టైము) తేడా మాత్రం ఉంటుంది.

డాలస్ అబ్బాయి మెయిల్‌లో ఆ లైను ఇలా ఉండి ఉంటుంది:

డేట్: మంగళ, 03 డిసెంబర్ 2024 21:14:07 -0600

(అసలు లైనులో వారం, నెల పేర్లు ఇంగ్లీషులో మూడేసి అక్షరాలతో ఉంటాయి.) ముందున్న 21:14 వాళ్ల గోడ గడియారం. చివరి -0600 అంటే అది గ్రీనిచ్ టైముకి 6 గంటలు వెనక ఉందని. మనది +0530.

ఇక గెట్‌డేట్ సంగతి. అది ఇచ్చేది జావాస్క్రిప్ట్ డేట్ వస్తువు. దానిలో క్షణం మాత్రమే ఉంటుంది, పంపినవాళ్ల తేడా ఉండదు. లైను చదివేటప్పుడే ఆ -0600ని లెక్కలో కలిపేసుకుని, తర్వాత వదిలేస్తుంది. ఒకసారి పోయాక దాన్నుంచి వెనక్కి రాబట్టలేం. కాబట్టి గెట్‌డేట్‌తో పాటు గెట్‌హెడర్‌కి "డేట్" అని ఇచ్చి లైను యథాతథంగా తీసుకో. క్షణం మొదటిదాన్నుంచి, తేడా రెండోదాన్నుంచి.

తేడా తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. లైనులో చివరి ఐదు అక్షరాలు తీసుకోవద్దు. కొన్ని మెయిళ్లలో తేడా తర్వాత బ్రాకెట్‌లో యూటీసీ (గ్రీనిచ్ టైమే) అనో సీఎస్‌టీ అనో టైమ్ జోన్ పేరు ఉంటుంది. గంటలు నిమిషాలు సెకన్ల తర్వాత ఖాళీ, ఆ తర్వాత గుర్తు, దాని వెంట నాలుగంకెలు అని వెతుకు. రెండోది, ఆ నాలుగంకెలు ఒక సంఖ్య కాదు. 0530 అంటే 530 నిమిషాలు కాదు, దశాంశంలో 5.30 గంటలూ కాదు. మొదటి రెండంకెలు గంటలు, తర్వాతి రెండు నిమిషాలు: 5 అరవైలు 300, పైన 30, మొత్తం 330 నిమిషాలు. నేపాల్‌ది +0545, అంటే 345. మూడోది, మైనస్ ఉంటే అది గంటలకీ నిమిషాలకీ రెండింటికీ వర్తిస్తుంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ చలికాలంలో -0330. గంటలు మైనస్ చేసి నిమిషాలు ప్లస్ చేస్తే గంట తప్పు వస్తుంది.

చూపించడం తేలిక. క్షణానికి అన్ని నిమిషాలు కలిపి, తేదీని రాతలోకి మార్చే ఫార్మాట్‌డేట్‌కి టైమ్ జోన్‌గా జీఎంటీ (గ్రీనిచ్ టైము) ఇవ్వు. వాళ్ల గోడ గడియారం వచ్చేస్తుంది.

జవాబు: కొత్తగా నేర్చుకుంటున్నా (మార్చి 5)

మేడమ్, ఇంత కష్టం ఎందుకు, ఫోన్ నంబరు ముందు +44 ఉంటే ఇంగ్లండ్ అని తెలిసిపోతుంది కదా?

కాకినాడ కబురు (మార్చి 5)

ఆ అమ్మాయి వాట్సాప్ ఇంకా మన దేశపు నంబరు మీదే ఉంది, +91. మా దగ్గర చాలామందిది అంతే. అమ్మానాన్నలకు అలవాటైన నంబరు అని మార్చరు. పోనీ +1 ఉన్నా న్యూజెర్సీకీ కాలిఫోర్నియాకీ మధ్య 3 గంటలు తేడా. నంబరుని నమ్ముకుని లాభం లేదండి.

సర్వర్ గది గారూ, ఉత్తరం పోలికతో ఒక్కసారిగా అర్థమైపోయింది. రాత్రికి కూర్చుని చేస్తాను.

కాకినాడ కబురు (మార్చి 7)

చేశానండి. డాలస్ అబ్బాయి మెయిల్ "మంగళవారం రాత్రి 9:14" అని వచ్చింది. చాలా సంతోషంగా అనిపించింది. కానీ రెండు రోజులుగా ప్రతి మెయిల్‌నీ తెరిచి పోల్చుకుంటుంటే రెండు రకాలవి తేడాగా ఉన్నాయి.

ఒకటి: ఆఫీసు మెయిల్ నుంచి రాసేవాళ్లు. న్యూజెర్సీలో ఉన్నా సింగపూర్‌లో ఉన్నా అందరిదీ +0000 అనే వస్తోంది. మా లండన్ అమ్మాయిది కూడా +0000 నే. ఆవిడ రాసేది జీమెయిల్ నుంచి, చలికాలం కాబట్టి అక్కడ నిజంగానే +0000. ఈ రెండిట్నీ విడదీయడం ఎలా?

రెండోది ఇంకా చిత్రం. మా రామారావుపేటలో ఉండే ఒక పెద్దాయన మాకు మెయిల్ రాస్తారు. ఇల్లు మా ఆఫీసుకి నడిచివెళ్లేంత దూరం. ఆయన మెయిల్‌లో -0800 అని వచ్చింది. ఇదేమిటని ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. కొడుకు వాడిన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడట. ఆ మూల గడియారం ఇంకా కాలిఫోర్నియా టైమే చూపిస్తోంది. "మార్చమంటారా?" అని అడిగితే వద్దన్నారు. "అది చూసే వాడు లేచాడో లేదో తెలుసుకుంటాను" అన్నారు. మార్చలేదు.

జవాబు: సర్వర్ గది (మార్చి 7)

ఆ పెద్దాయన గడియారం అలాగే ఉండనీ. ఆయన అడ్రసుకి షీట్‌లో భారత సమయం అని చేత్తో రాసిపెట్టు.

ఆయన మెయిల్ ఒక ముఖ్యమైన సంగతి చెబుతోంది. డేట్ లైను చెప్పేది మనిషి ఎక్కడున్నాడో కాదు, ఆ కంప్యూటరు తాను ఎక్కడున్నాననుకుంటోందో. అంతవరకే దాని సాక్ష్యం.

+0000 సంగతి. మైక్రోసాఫ్ట్ 365 మీద నడిచే ఆఫీసు మెయిళ్లలో డేట్ లైను సర్వరే గ్రీనిచ్ టైములో వేస్తుంది. పంపినవాళ్ల తేడా అక్కడే పోతుంది. యాహూ వెబ్‌మెయిల్ కూడా +0000 అని వేసి పక్కన బ్రాకెట్‌లో యూటీసీ అంటుంది. జీమెయిల్ నుంచి వచ్చేవాటిలో, యాపిల్ మెయిల్‌లో పంపినవాళ్ల తేడా సాధారణంగా నిలిచి ఉంటుంది. విడదీయాలంటే "మెసేజ్ ఐడీ" అనే లైను చూడు. దాని చివర ప్రొడ్ డాట్ అవుట్‌లుక్ డాట్ కామ్ అని ఉంటే ఆ +0000ని నమ్మకు, "తెలియదు" అని రాసుకో. అదే లైనులో ఉత్తర అమెరికా, యూరప్ అని సూచించే ముక్కలు కనిపిస్తాయి. వాటి జోలికి పోకు, అవి ఆ కంపెనీ మెయిల్‌పెట్టె ఉన్న చోటు, మనిషి ఉన్న చోటు కాదు.

ఎప్పుడైనా -0000 కనబడినా కంగారుపడకు. అది పొరపాటు కాదు. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణ పత్రాలు, అంటే 2001లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2822, దాని స్థానంలో 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 రెండూ ఈ తేడా చెప్పాయి. +0000 అంటే గ్రీనిచ్ టైము. -0000 అంటే "టైము గ్రీనిచ్‌దే, కానీ పంపినవాళ్ల స్థానిక సమయం గురించి నేనేమీ చెప్పడం లేదు" అని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేట్ లైను చదివే పార్స్‌డేట్ టు డేట్‌టైమ్ అనే ఆదేశం దీన్ని చక్కగా పాటిస్తుంది, -0000 అయితే టైమ్ జోన్ లేని డేట్‌టైమ్ ఇస్తుంది. నీ స్క్రిప్ట్‌లో రెండిట్నీ సున్నాగా చూడకుండా, -0000 అయితే "తెలియదు" వైపు పంపు.

అంకెలకు బదులు ఐఎస్‌టీ అని అక్షరాలున్న పాతకాలపు లైన్లు ఎక్కడైనా తగిలితే అవీ "తెలియదు" లోకే. ఐఎస్‌టీ మనదీ కావచ్చు, ఇజ్రాయెల్‌దీ కావచ్చు, ఐర్లండ్ ఎండాకాలందీ కావచ్చు. ఈఎస్‌టీ, పీఎస్‌టీ లాంటి కొన్ని అమెరికా పేర్లకే పాత ప్రమాణంలో అర్థం ఖాయంగా ఉంది.

నువ్వు కొత్తగా ఏదో వింత పని చేస్తున్నావని మాత్రం అనుకోవద్దు. మేము టెర్మినల్‌లో మట్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్లం, నేను ఇప్పటికీ వాడతాను. జవాబు పైన "ఫలానా రోజున ఫలానావారు రాశారు" అనే లైనుకి దానిలో టెంప్లేట్ ఉంది. శాతం గుర్తు పక్కన చిన్న డి పెడితే పంపినవాళ్ల టైము, పెద్ద డి పెడితే మన టైము. మనం ఏమీ మార్చకపోతే వచ్చేది చిన్న డి. పంపినవాళ్ల టైమే మర్యాద అని ఆ రాసినవాళ్లకి తోచింది.

జవాబు: పదకొండున్నర గంటల దూరం (మార్చి 8)

అక్కా, నేను డాలస్ దగ్గర ఉంటాను. మా అమ్మానాన్నలు తణుకులో. మీ మొదటి పోస్టు చదివి కాసేపు లేవలేకపోయాను. ఇక్కడ మేమందరం రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టినా ఇంటి నంబరుని మాత్రం మోగేలా పెట్టుకుంటాం. అది అర్ధరాత్రి మోగితే ఏమనుకుంటామో ఆ అమ్మాయి ఒక్క మాటలో చెప్పేసింది.

మీకొక సంగతి వెంటనే చెప్పాలి, అందుకే రాస్తున్నాను. రేపు ఆదివారం, మార్చి 9న, ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఇవాళ నేను మెయిల్ పంపితే -0600. సోమవారం పంపితే -0500. నేను కదలలేదు, గడియారం కదిలింది. మీరు నా ఇవాళ్టి మెయిల్‌లోంచి -0600 తీసి షీట్‌లో దాచుకుని, వచ్చే వారం ఫోన్ టైముకి అదే వాడితే గంట తప్పుతుంది. మన ఉదయం 7:30 అంటే ఇక్కడ ఇవాళ్టిదాకా రాత్రి 8. రేపటినుంచి రాత్రి 9. మా చిన్నది పడుకునే టైము.

దీన్నిబట్టి నాకు అర్థమైనది: హెడర్‌లో ఉన్న తేడా జరిగిపోయిన దానికి పనికొస్తుంది, "మీరు ఈ టైముకి రాశారు" అనడానికి. జరగబోయే దానికి ఊరు కావాలి. ఊరు తెలిస్తే అమెరికా స్లాష్ షికాగో లాంటి జోన్ పేరు పెట్టుకోవచ్చు. ఎప్పుడు ముందుకి, ఎప్పుడు వెనక్కి అన్నది దానికే తెలుసు. నవంబర్ 2న మళ్లీ వెనక్కి వస్తాం.

తేడా చూసి ఊరు కనిపెట్టడం మాత్రం కుదరదక్కా. సోమవారం నా మెయిల్‌లో -0500 ఉంటుంది. మార్చి మొదటివారంలో న్యూజెర్సీవాళ్లదీ అదే. -0700 తీసుకోండి. చలికాలంలో డెన్వర్, ఎండాకాలంలో కాలిఫోర్నియా, ఫీనిక్స్ అయితే ఏడాది పొడుగునా. అరిజోనాలో దాదాపు ఎక్కడా గడియారం మార్చరు. ఆస్ట్రేలియాలోనూ అంతే, మెల్‌బోర్న్ మారుతుంది, బ్రిస్బేన్ మారదు. ఒక్కసారి ఊరు అడిగేయండి. అమ్మానాన్నల కోసం అడిగితే ఎవరూ కాదనరు.

జవాబు: ప్రూఫ్ చూసే మనిషి (మార్చి 9)

నాకు కోడ్ రాదు, పత్రికలో ప్రూఫులు చూసేవాణ్ణి. టెంప్లేట్ తెలుగులో పంపుతున్నారు కాబట్టి ఒక్క మాట.

అంకెలు సరిగ్గా వచ్చినంతమాత్రాన మన భాషలో రోజు సరిగ్గా వచ్చినట్టు కాదండి. మనవాళ్లకి రోజు అర్ధరాత్రి 12కి మారదు, తెల్లవారితే మారుతుంది. మెల్‌బోర్న్ అమ్మాయి అక్కడ బుధవారం 00:40కి మెయిల్ రాసిందనుకోండి. కంప్యూటరు "బుధవారం రాత్రి 12:40" అంటుంది. చదివిన ఆవిడకి బుధవారం రాత్రి అంటే ఇంకా రాబోయే రాత్రి. తాను రాసింది మంగళవారం రాత్రి, నిద్ర పట్టక. మన ఇళ్లల్లో ఇలాంటప్పుడు "మంగళవారం రాత్రి, తెల్లవారితే బుధవారం" అంటాం. ముహూర్తాలు చెప్పేటప్పుడు ఇప్పటికీ ఇలాగే చెబుతారు, ఎవరూ పొరపడకూడదని. మీ టెంప్లేట్ కూడా 12 నుంచి 3 లోపు ఈ మాటే వాడితే బాగుంటుంది. 3 దాటితే తెల్లవారుజాము, 5:30 నుంచి ఉదయం, 12 నుంచి మధ్యాహ్నం, 4 నుంచి సాయంత్రం, 7 నుంచి రాత్రి. గీతలు ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఒప్పుకోరు గానీ, ఏఎం పీఎంలకంటే ఇది నయం.

ఇంకొకటి. ఇవాళ, రేపు, నిన్న అనే మాటలు టెంప్లేట్‌లోంచి తీసేయండి. మీరు "రేపు రక్తపరీక్ష" అని బుధవారం ఉదయం రాస్తే డాలస్‌లో మంగళవారం రాత్రి చదువుతారు. వాళ్ల రేపు బుధవారం, మీ రేపు గురువారం. పరీక్ష అయిపోయిందనుకుని రిపోర్టు అడుగుతారు.

కాకినాడ కబురు (ఏప్రిల్ 4)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నెలరోజులు వాడి చూశాకే రాద్దామని ఆగాను.

ఇప్పుడు డ్రాఫ్ట్ ఇలా వస్తోంది:

"మీరు మంగళవారం రాత్రి 9:14కి (మీ టైము) పంపిన మెయిల్ అందింది. ఇక్కడ అప్పుడు బుధవారం ఉదయం 8:44. అమ్మగారిని బుధవారం ఉదయం 10:30కి (కాకినాడ టైము) చూశాం."

రెండు ఊళ్ల టైమూ ఎందుకంటే, ఒక్కటే ఉన్నప్పుడు "ఇది ఎవరి టైము?" అని మళ్లీ మెయిల్ వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. "రేపు" అనే మాట టెంప్లేట్లన్నిటా కలిపి పద్నాలుగు చోట్ల ఉంది, అన్నీ తీసేశాను. "తెల్లవారితే బుధవారం" పెట్టాక మెల్‌బోర్న్ అమ్మాయి, మా నాయనమ్మ అనే మాట ఇది అని రాసింది.

తేడా తెలియనివాళ్లకి, అంటే ఆఫీసు మెయిళ్లవాళ్లకి, "మీ టైము" అనే ముక్కే రాదు, కాకినాడ టైము ఒక్కటే వెళ్తుంది. ఊహించి రాయడం మానేశాను.

ఫోన్లకి హెడర్‌తో పని లేదు. డాలస్ తమ్ముడు చెప్పినట్టు అందరినీ ఊరు అడిగాం. అందరూ ఇచ్చారు, కొందరైతే ఏ టైములో చేస్తే బాగుంటుందో కూడా రాశారు. షీట్‌లో ప్రతి ఊరికీ జోన్ పేరు ఉంది. మార్చి 9న అమెరికాది, 30న ఇంగ్లండ్‌ది నేను ముట్టుకోకుండానే మారాయి. మన దేశ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ దగ్గరినుంచే పోతుంది. సూర్యుడూ గడియారమూ దాదాపు ఒకే మాట చెప్పే ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. గడియారాన్ని గంట ముందుకి తోసే దేశాలుంటాయని పుస్తకంలో చదివాను గానీ, అది ఒకరి నిద్రకి సంబంధించిన విషయమని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

మీరెవరూ చెప్పనిది ఒకటి ఎదురైంది, ఇలాంటి స్క్రిప్ట్ ఎవరైనా రాసుకుంటే గుర్తుంచుకోండి. న్యూజెర్సీలో ఉండే ఒకబ్బాయి మెయిల్ మార్చి చివర్లో ఒక శుక్రవారం వచ్చింది. డ్రాఫ్ట్‌లో "ఉదయం 10:20కి (మీ టైము)... ఇక్కడ అప్పుడు ఉదయం 10:20" అని ఉంది. స్క్రిప్ట్ మళ్లీ పాడైందని గుండె జారిపోయి అసలు హెడర్ తెరిచాను. +0530. తప్పేమీ లేదు, అబ్బాయి మన దేశంలోనే ఉన్నాడు. అమ్మగారికి ఆదివారంతో ఎనభై ఏళ్లు నిండుతాయి. చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడాలనుకున్నాడు. మా జవాబులు అమ్మగారికి కూడా కాపీ వెళ్తాయి, ఆవిడ ట్యాబ్‌లో అక్షరం వదలకుండా చదువుతారు. ఆ లైను చూసుంటే అప్పుడే తెలిసిపోయేది.

పంపే ముందు చదివాను కాబట్టి ఆపగలిగాను. ఆ రాత్రే స్క్రిప్ట్‌లో ఒక షరతు పెట్టాను. వచ్చిన తేడా ఆ అడ్రసు నుంచి మామూలుగా వచ్చే తేడాతో కలవకపోతే, మొదటి లైను "మీ మెయిల్ అందింది" అని మాత్రమే వస్తుంది, షీట్‌లో ఆ గడి పసుపురంగు అవుతుంది. గడియారాలు మారే వారంలో పసుపు గడులు ఎక్కువే వస్తాయి, ఫర్వాలేదు, చూసుకుంటాను. ఎవరు ఎక్కడున్నారో మా జవాబు ద్వారా ఇంట్లోవాళ్లకి తెలియకూడదు, అది వాళ్లు చెప్పుకోవలసిన మాట. అమ్మగారు ఆదివారం తలుపు తీసినప్పుడు మా స్టాఫ్ అమ్మాయి అక్కడే ఉంది. బీపీ ఆ పూట చూడలేదని చెప్పింది, చూసినా లెక్కలోకి రాదని.

మొన్న బుధవారం లండన్ అమ్మాయి మెయిల్ వచ్చింది. హెడర్‌లో +0100. డ్రాఫ్ట్‌లో "మీ మెయిల్ అందింది" అని మాత్రమే ఉంది. ఇంగ్లండ్ గడియారం మారిన తర్వాత ఆవిడ నుంచి వచ్చిన మొదటి మెయిల్ కాబట్టి పసుపు గడి. హెడర్ చూసి, తేడా సరిగ్గానే ఉందని, "సాయంత్రం 6:20కి (మీ టైము), ఇక్కడ అప్పుడు రాత్రి 10:50" అని నేనే చేర్చి పంపాను.

ఊరు అడిగినప్పుడు ఆవిడ ఫోన్ టైము దగ్గర రెండు ముక్కలు రాసింది. "మామూలు విషయమైతే ఉదయం 7 నుంచి 8 లోపు. నాన్నకి ఏమైనా అయితే ఎప్పుడైనా." మొదటిదానికి యూరప్ స్లాష్ లండన్ అని జోన్ పెట్టి మన టైములోకి మార్చాను, ఇప్పుడు ఉదయం 11:30 నుంచి మధ్యాహ్నం 12:30. రెండోదాన్ని మార్చలేదు, ఆవిడ రాసినట్టే షీట్‌లో పెట్టాను.